యోసెఫ్ బోయిస్

యోసెఫ్ బోయిస్ (మే 12, 1921 - జనవరి 23, 1986) జర్మనీ దేశానికి చెందిన శిల్పి, ప్రదర్శన కళాకారుడు, కళా ఆచార్యుడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపా కళారంగాన్ని ఎక్కువగా ప్రభావితం చేసినవారిలో ఈయన ఒకడు. చిత్రపటం, విగ్రహం మాత్రమే కళ కాదని, మనుషులు కలిసి జీవించే పద్ధతిని తీర్చిదిద్దడం కూడా శిల్పకళయేనని ఈయన వాదించాడు. ఈ భావనకు సామాజిక శిల్పం అని పేరు. జంతువులతో చేసిన ప్రదర్శనలు, కొవ్వు, తేనె, ఫెల్ట్ (ఉన్నిని అదిమి తయారుచేసే దళసరి బట్ట) వంటి పదార్థాలతో చేసిన శిల్పాలు, కాసెల్ నగరంలో నాటించిన 7000 చెట్లు ఈయనకు ఖ్యాతి తెచ్చాయి. తన యుద్ధకాలపు జీవితం గురించి చెప్పుకున్న కథ వలన తీవ్ర విమర్శలకు కూడా గురయ్యాడు.

బాల్యం

బోయిస్ జర్మనీ పశ్చిమ భాగంలోని క్రెఫెల్డ్ పట్టణంలో ఒక వర్తకుని కుటుంబంలో జన్మించాడు. ఆ సంవత్సరమే కుటుంబం నెదర్లాండ్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న క్లేవె పట్టణానికి మారింది. బాల్యం నుండి మొక్కలు, జంతువులు, ప్రకృతిశాస్త్రం అంటే ఆసక్తి. 1933లో పాఠశాల ఆవరణలో నాజీలు పుస్తకాలు తగులబెట్టినపుడు, లినేయస్ రచించిన ప్రకృతిశాస్త్ర గ్రంథాన్ని ఆ మంటల నుండి తప్పించానని తరువాతి కాలంలో చెప్పేవాడు. ఆనాటి జర్మన్ బాలురలో అత్యధికుల వలెనే ఈయన కూడా హిట్లర్ యువదళంలో సభ్యుడయ్యాడు.

యుద్ధం, క్రిమియా కథ

1941లో బోయిస్ స్వచ్ఛందంగా జర్మన్ వైమానిక దళంలో చేరి, విమాన రేడియో నిర్వాహకునిగా శిక్షణ పొందాడు. 1944 మార్చి 16న ఈయన ప్రయాణిస్తున్న స్టూకా యుద్ధవిమానం క్రిమియాలో కూలిపోయింది. విమానచోదకుడు మరణించాడు, బోయిస్ గాయపడ్డాడు.

ఈ ప్రమాదాన్ని గురించి బోయిస్ తరువాత ఒక కథ చెప్పాడు. దాని ప్రకారం, మంచులో పడివున్న తనను అక్కడి తాతార్ సంచార జాతివారు చూసి, శరీరానికి కొవ్వు పూసి, ఫెల్ట్ చుట్టి, వెచ్చదనం కల్పించి అనేక రోజుల పాటు కాపాడారు. తన శిల్పాలలో కొవ్వు, ఫెల్ట్ తరచుగా కనిపించడానికి ఈ అనుభవం ఆధారమని చెప్పుకున్నాడు. సైనిక రికార్డులు మరొక విధంగా ఉన్నాయి. ఆయనను కనుగొన్నది జర్మన్ గాలింపు దళం. ప్రమాదం జరిగిన మరునాడే ఆయన సైనిక వైద్యశాలలో చేర్చబడ్డాడు. సుమారు మూడు వారాలు అక్కడ చికిత్స పొందాడు. అందుచేత తాతార్ల కథను నేటి పరిశోధకులు చారిత్రక సత్యంగా కాక, కళాకారుడు తనకు తాను కల్పించుకున్న పురాణంగా పరిగణిస్తున్నారు.

యుద్ధం ముగిసినపుడు బ్రిటిష్ సేనలకు ఖైదీగా చిక్కి, 1945 ఆగష్టులో విడుదలయ్యాడు.

శిల్ప విద్య

1946లో డ్యుసెల్‌డోర్ఫ్ కళా అకాడమీలో చేరి, ఎవాల్డ్ మతారె అనే శిల్పి వద్ద శిష్యరికం చేశాడు. 1950వ దశకం మధ్యలో తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనయ్యాడు. తొలి నుండి తన కృతులను సేకరిస్తూ వచ్చిన వాన్ డెర్ గ్రింటెన్ సోదరుల పొలంలో పనిచేస్తూ కోలుకున్నాడు. 1958లో ఔష్విట్జ్ స్మారక చిహ్నం కొరకు జరిగిన అంతర్జాతీయ పోటీకి నమూనా పంపాడు కాని ఎంపిక కాలేదు. 1959లో ఎవా వుర్మ్‌బాఖ్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. 1961లో తాను చదివిన అకాడమీలోనే శిల్పకళా ఆచార్యునిగా నియమితుడయ్యాడు.

ప్రదర్శనలు

నాటకంలో నటుడు ఒక పాత్రను ధరిస్తాడు. ప్రదర్శన కళలో పాత్ర ఉండదు, వ్రాసిన సంభాషణలు ఉండవలసిన అవసరం లేదు. కళాకారుని శరీరమూ, గడిచే సమయమూ మాధ్యమాలు. ప్రదర్శన ముగిసిన పిమ్మట మిగిలేవి ఛాయాచిత్రాలు, చూసినవారి జ్ఞాపకాలు మాత్రమే. బోయిస్ 1962-63లో ఫ్లక్సస్ అనే కళా ఉద్యమంతో పరిచయం ఏర్పడిన తరువాత ఈ మార్గంలోకి వచ్చాడు. ఈయన ప్రదర్శనలలో ప్రసిద్ధమైనవి:

* ఆహెన్ ప్రదర్శన (1964): హిట్లర్‌పై హత్యాయత్నం జరిగి 20 సంవత్సరాలైన సందర్భంగా జూలై 20న ఆహెన్‌లో జరిగింది. ఆగ్రహించిన ఒక విద్యార్థి కొట్టడంతో బోయిస్ ముక్కు నుండి రక్తం కారింది. రక్తం కారుతుండగానే ఒక చేతిలో శిలువను పట్టుకుని నిలిచిన ఆయన ఛాయాచిత్రం చాలా ప్రచారం పొందింది.
* చనిపోయిన కుందేలుకు చిత్రాలను వివరించడం (1965): నవంబరు 26న డ్యుసెల్‌డోర్ఫ్‌లోని ష్మేలా గ్యాలరీలో జరిగింది. తలకు తేనె పూసుకుని, దానిపై బంగారు రేకులు అంటించుకుని, చేతులలో చనిపోయిన కుందేలును ఎత్తుకుని గోడలపై ఉన్న చిత్రాలను ఒక్కొక్కటిగా దానికి వివరించాడు. ప్రేక్షకులు బయట వీధిలో నిలబడి కిటికీ గుండా చూశారు. కళను కేవలం తర్కంతో వివరించగలమనే నమ్మకాన్ని ఈ ప్రదర్శన ప్రశ్నించింది.
* కొయోటీతో సహవాసం (1974): మే నెలలో న్యూయార్క్ విమానాశ్రయంలో దిగగానే ఫెల్ట్ చుట్టుకుని, అంబులెన్సులో నేరుగా రెనె బ్లాక్ గ్యాలరీకి చేరాడు. అక్కడ ఒక గదిలో అడవి జంతువైన కొయోటీతో మూడు రోజులు గడిపాడు. మొదట ఫెల్ట్‌ను చించివేసిన ఆ జంతువు క్రమంగా ఆయన ఉనికికి అలవాటుపడింది. తిరిగి అంబులెన్సులోనే విమానాశ్రయానికి వెళ్ళిపోయాడు. అమెరికా స్థానిక జాతులు పవిత్రంగా భావించే ఈ జంతువును, వలస వచ్చినవారు చంపదగిన పురుగుగా చూశారు. ఆ గాయాన్ని గుర్తుచేయడం ఆయన ఉద్దేశ్యం.

ఆచార్య పదవి నుండి తొలగింపు

కళా విద్య కోరి వచ్చిన ఎవరినీ కాదనరాదని బోయిస్ అభిప్రాయం. ప్రవేశ పరీక్షలో తిరస్కరింపబడినవారిని కూడా తన తరగతిలో చేర్చుకున్నాడు. వారి ప్రవేశం కొరకు విద్యార్థులతో కలిసి అకాడమీ కార్యాలయాన్ని ఆక్రమించడంతో, 1972 అక్టోబరులో రాష్ట్ర విజ్ఞాన, పరిశోధన శాఖ మంత్రి యోహానెస్ రావ్ ఈయనను పదవి నుండి తొలగించాడు. పోలీసుల వరుసల నడుమ నుండి నవ్వుతూ బయటకు వస్తున్న బోయిస్ ఛాయాచిత్రం ఆనాటిదే. మరుసటి సంవత్సరం ఒక శిష్యుడు ఆయనను దుంగను తొలిచి చేసిన పడవలో రైన్ నదిని దాటించి, లాంఛనంగా అకాడమీ వైపుకు తీసుకువచ్చాడు. 1978లో న్యాయస్థానం తొలగింపు చెల్లదని తీర్పు ఇచ్చింది.

1972లో కాసెల్ నగరపు డాక్యుమెంటా కళా ప్రదర్శనలో 100 రోజుల పాటు సందర్శకులతో ప్రత్యక్ష ప్రజాస్వామ్యం గురించి చర్చలు జరిపాడు. ఆ చర్చనే తన కళాకృతిగా భావించాడు. జర్మనీ గ్రీన్ పార్టీ తొలి సభ్యులలో ఈయన ఒకడు. 1979లో ఐరోపా పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయాడు.

7000 ఓక్ చెట్లు

1982లో ఏడవ డాక్యుమెంటా సందర్భంగా కాసెల్‌లో 7000 నల్లని బసాల్ట్ రాతి స్తంభాలను ప్రదర్శనశాల ముందు కుప్పగా పోయించాడు. ఒక చెట్టు నాటినపుడే ఒక రాయిని కుప్ప నుండి తీసి ఆ చెట్టు పక్కన పాతాలని నియమం. కుప్ప తరిగిన కొద్దీ నగరంలో చెట్లు పెరిగినట్లు లెక్క. తొలి చెట్టును మార్చి 16న, అనగా క్రిమియాలో విమానం కూలిన తేదీననే నాటాడు. రాళ్ళ కుప్ప నగరాన్ని వికారం చేస్తున్నదని కొందరు నిరసన తెలిపారు. చెట్టుకు ఇంత అని దాతల నుండి విరాళాలు సేకరించారు. బోయిస్ స్వయంగా ఒక జపాన్ విస్కీ ప్రకటనలో కూడా నటించి ధనం సమకూర్చాడు.

ఈ పని ముగియకముందే ఆయన మరణించాడు. చివరి చెట్టును 1987లో కుమారుడు వెన్జెల్ నాటాడు. నాటినపుడు రాయి మొక్కతో సమానంగా కనిపించేది. తరువాత చెట్టు పెరిగింది, రాయి మాత్రం అలాగే ఉండిపోయింది.

విమర్శ

1980లో కళా చరిత్రకారుడు బెంజమిన్ బుక్లో, బోయిస్ క్రిమియా కథ జర్మన్ల యుద్ధ నేరాల బాధ్యతను మరుగుపరుస్తున్నదని తీవ్రంగా విమర్శించాడు. కథలో సైనికుడు బాధితునిగా కనిపిస్తాడే గాని, ఆక్రమణదారుగా కనిపించడని ఈ విమర్శ సారాంశం. కొవ్వు, ఫెల్ట్ అనేవి గాయపడిన సమాజానికి చికిత్సను సూచించే సంకేతాలనీ, కథ నిజం కాకపోయినా కృతుల విలువ తగ్గదనీ సమర్థకులు అంటారు. ఈ వివాదం ఆయన మరణానంతరం కూడా కొనసాగింది.

మరణం

1986 జనవరి 23న డ్యుసెల్‌డోర్ఫ్‌లో గుండె వైఫల్యంతో మరణించాడు. చితాభస్మాన్ని ఉత్తర సముద్రంలో కలిపారు. అదే సంవత్సరం అకాడమీలోని ఆయన గదిలో గోడ మూలన ఉన్న కొవ్వు శిల్పాన్ని శుభ్రపరిచే సిబ్బంది మురికి అనుకుని తొలగించారు. దానిపై ఆయన శిష్యుడు దావా వేయగా, ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించింది.