జలమార్గ స్వాప్నికుడు సర్ ఆర్థర్ కాటన్

చంద్రపురం పక్కనే పారే ఈరాయి నది వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహిత అవుతాయి. ప్రాణహిత సిరొంచ ప్రాంతాన్ని ఒరుసుకొని కాళేశ్వరం వద్ద గోదావరిని చేరుతుంది. అక్కడి నుంచి ఆ నీరు భద్రాచలం, పాపికొండలు, రాజమహేంద్రవరం దాటి సముద్రంలో కలుస్తుంది. ఈ దారినే పడవలు కూడా నడవాలని, చాందా సీమలోని పత్తి బస్తా నీటి మీదుగానే కాకినాడ రేవుకు చేరాలని సుమారు నూట డెబ్బై ఏళ్ల క్రితం ఒక ఇంజనీరు సంకల్పించారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మహనీయుడుగా తెలుగువారందరూ ఎరిగిన సర్ ఆర్థర్ కాటన్ ఆయనే. ఆనకట్ట కథ ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నది. చంద్రపురంతో ముడిపడిన జలమార్గం కథ మాత్రం ఈ ప్రాంతపు తెలుగువారిలోనే చాలామందికి తెలియదు.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. పెద్ద కుటుంబం, అన్నదమ్ములు పదకొండు మంది. ఈస్టిండియా కంపెనీ నడిపిన అడిస్కోంబు సైనిక విద్యాలయంలో చదువు ముగించుకొని మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం సంపాదించి, 1821లో మన దేశానికి వచ్చారు. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. ఆయన అసలు విద్యాభ్యాసం జరిగింది మాత్రం కావేరి ఒడ్డున అనవలసి ఉంటుంది. చోళరాజుల కాలంనాటి కల్లణై ఆనకట్ట ఇసుకలోనే నిలబడి శతాబ్దాలు వరద తాకిడికి తట్టుకోవడం ఆయనను ఆశ్చర్యపరచింది. గట్టి నేల దొరకని నదీగర్భంలో పునాది నిలిపే రహస్యం ఆ పాత కట్టడం వద్దనే నేర్చుకొన్నానని ఆయన దాచుకోకుండా ఒప్పుకొన్నారు. ఆ విద్యతోనే 1836 ప్రాంతంలో కొళ్ళిడం మీద రెండు ఆనకట్టలు కట్టి తంజావూరు సీమను ఆదుకొన్నారు.

ఆనాటి గోదావరి మండలం స్థితి దయనీయం. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన డొక్కల కరవు గోదావరి తీరాన్నీ వదలలేదు. 1839లో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. అంతటి మహానది పక్కనే పారుతుండగా ప్రజలు ఆకలితో చనిపోవడం కాటన్‌ను కలచివేసింది. ఆయన ప్రాంతమంతా తిరిగి 1844, 1845 సంవత్సరాల్లో నివేదికలు సమర్పించారు. 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం వద్ద గోదావరి లంకల నడుమ నాలుగు పాయలుగా చీలుతుంది. ఆ నాలుగింటికీ అడ్డుగా, సుమారు రెండున్నర మైళ్ల పొడవున రాతికట్ట లేవవలసి ఉన్నది. దగ్గరి కొండలో రాయి పగలగొట్టి, పట్టాల మీద బండ్లు నడిపి ఒడ్డుకు చేర్చారు. కూలీలు, వడ్రంగులు, కమ్మరులు వేల సంఖ్యలో పనిచేశారు. ఈ జనాన్ని కూడగట్టి నడిపిన తెలుగువాడు వీణెం వీరన్న. కాటన్ ఆయన సేవను ఎంతో మెచ్చుకొన్నారు, తరువాత రాయబహదూరు బిరుదు కూడా దక్కింది. వీరన్న వంటివారిని విడిచి కాటన్ ఒక్కరి పేరే చెప్పుకోవడం మనవారి అలవాటైపోయింది. నడుమ ఎండదెబ్బకు ఆరోగ్యం చెడి కాటన్ సెలవు మీద వెళ్లినప్పుడు కెప్టెన్ ఓర్ బాధ్యత వహించారు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది.

కాటన్ దృష్టిలో కాలువ పొలానికి నీరిచ్చే సాధనం మాత్రమే కాదు, బండ్లబాటకు బదులైన రాజమార్గం కూడా. అందుకే డెల్టా ప్రధాన కాలువలన్నీ పడవ నడిచే వెడల్పుతో, లోతుతో తవ్వించారు. నీటిమట్టం మారిన చోటల్లా లాకులు కట్టించారు. పడవ లాకు గదిలోకి వచ్చాక వెనుక తలుపు మూసి, పైనుంచి నీరు వదిలితే గదిలో నీరు పెరిగి పడవ తనంతట తానే పైమట్టానికి లేస్తుంది. ముందు తలుపు తెరిస్తే సాగిపోతుంది. దిగేటప్పుడు ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. యంత్రం లేదు, బొగ్గు ఖర్చు లేదు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే ఇద్దరు ముగ్గురు మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగేవారు. ఒక్కొక్క పడవ ఎన్నో ఎడ్లబండ్ల ధాన్యాన్ని అవలీలగా మోసేది. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. కృష్ణ ఆవల కొమ్మమూరు కాలువ, దాని తరువాత బకింగ్‌హాం కాలువ. ఆ విధంగా కాకినాడలో ఎక్కిన సరుకు మద్రాసు దాకా నీటి మీదనే వెళ్లగలిగింది. కోనసీమకు గోదావరి పాయ మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడక్టును హేగ్ అనే యువ ఇంజనీరు కట్టారు. తరువాతి కథకు ఈ హేగ్ ముఖ్యుడు.

డెల్టా పని ముగిసిన వెంటనే కాటన్ చూపు గోదావరి ఎగువకు మళ్లింది. బేరారులో, వార్ధా లోయలో పండే పత్తి బొంబాయి చేరాలంటే ఎద్దుల మీద, బండ్ల మీద వందలాది మైళ్లు పోవాలి. దారిలో దుమ్ము, వాన, దొంగల భయం. అదే పత్తిని పడవ ఎక్కిస్తే ప్రవాహమే తూర్పు తీరానికి మోసుకుపోతుందన్నది ఆయన ఆలోచన. అడ్డంకి ఒకటే: నదిలోని రాతిబండలు. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద మొదటిది, ఇంద్రావతి కలిసిన తరువాత ఈంచంపల్లి వద్ద రెండవది, సిరొంచకు ఎగువన ప్రాణహితలో దేవలమర్రి వద్ద మూడవది. ఈ మూడు చోట్లా నదికి అడ్డుకట్ట వేసి, పక్కన కాలువ తవ్వి, లాకుల ద్వారా పడవలను బండలు దాటించాలన్నది పథకం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైరు మిల్లులకు దూది కరవైంది. అప్పటిదాకా లెక్కలు అడుగుతూ కూర్చున్న దొరతనం ఒక్కసారిగా మేలుకొన్నది. మధ్య పరగణాల పాలకుడు రిచర్డ్ టెంపుల్ ఈ పథకాన్ని బలపరచారు. సిరొంచ ముఖ్యకేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా అప్పటికే ఏర్పడి ఉన్నది. పనుల భారం హేగ్ మీద పడింది.

అడవిలో పని డెల్టాలో పనివంటిది కాదు. కూలీలను దూరం నుంచి తేవాలి. వారికి తిండిగింజలు కూడా దూరం నుంచే తేవాలి. వర్షాకాలం ముగియగానే చలిజ్వరాలు పట్టుకొనేవి. కలరా సోకితే శిబిరాలే ఖాళీ అయ్యేవి. నల్లని బండను మందుగుండుతో పేల్చి అంగుళం అంగుళం దారి చేయవలసి వచ్చింది. అక్కడ ప్రాణాలు వదిలిన వడ్డెరలు, కూలీలు ఎందరో ఏ శిలాఫలకమూ చెప్పదు. దుమ్ముగూడెం వద్ద పని చాలావరకు రూపుదిద్దుకొన్నది. ఇంతలో 1865లో అమెరికా యుద్ధం ముగిసి పత్తి ధర దిగిపోయింది. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి పనులను నిలిపివేసింది. కొద్ది ఏళ్లకే ఆ జిల్లానూ విడదీశారు. భద్రాచలం తాలూకా మద్రాసు రాజధానికి పోయింది, సిరొంచ చాందా జిల్లాలో చేరింది. సిరొంచ తెలుగువారు చాందా జిల్లావాసులు కావడం వెనుక ఈ ఆగిపోయిన జలమార్గం ఉన్నది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడేవరకు ఆ బంధం కొనసాగింది.

కాటన్ 1860లో ఉద్యోగ విరమణ చేశారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. విశ్రాంతి మాత్రం తీసుకోలేదు. రైళ్లకు పోసిన ధనంలో కొంత కాలువలకు పోసి ఉంటే నీరూ, తిండీ, రవాణా మూడూ దక్కేవని పత్రికలలో, సభలలో వాదించారు. 1876-78 నాటి మహాకరవు తరువాత 1878లో పార్లమెంటు సంఘం ముందు గట్టిగా సాక్ష్యమిచ్చారు. రైలు పక్షంవారు ఆయనను నీటిపిచ్చి గలవాడని ఎగతాళి చేశారు. వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. వేసవిలో మోకాలిలోతుకు దిగే ప్రాణహితలో ఏడాది పొడవునా పడవలు ఎలా నడుస్తాయన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు ఎగువన జలాశయాలు కట్టాలన్నది. దాని ఖర్చును ఆయన తక్కువగా అంచనా వేశారని చెప్పక తప్పదు. ఆయన పరాయి ప్రభుత్వ సేవకుడే. ఆనకట్ట వల్ల పెరిగిన శిస్తు కంపెనీ ఖజానాకే చేరింది. అయినా కరవు కాలంలో ప్రజల ప్రాణాన్ని లెక్కలోకి తెచ్చిన కొద్దిమంది అధికారులలో ఆయన ఒకరు. వృద్ధాప్యంలో డార్కింగులోని తన ఇంటి పెరట్లో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ గడిపారు. 1899 జులై 24న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు.

గోదావరి రైతు ఆయనను మరువలేదు. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానే 1970లలో చేపట్టిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. ఆ ఊరిలోనే కాటన్ మ్యూజియం ఉన్నది. కట్టడాల నమూనాలు, చిత్రాలు, ఆనాటి నిర్మాణంలో వాడిన ఇనుప యంత్రాలు అక్కడ భద్రపరచారు. రోడ్డు మీద లారీలు పెరిగిన తరువాత డెల్టా కాలువలలో సరుకు పడవలు క్రమంగా కనుమరుగయ్యాయి. తెరచాప ఎత్తి, తాడు లాగి పొట్ట పోసుకొన్న కుటుంబాలు వేరే పనులకు మళ్లాయి. పాత లాకులు మాత్రం చాలాచోట్ల నిలిచి ఉన్నాయి. 2016లో పార్లమెంటు చేసిన చట్టం 111 జాతీయ జలమార్గాలను ప్రకటించింది. కాకినాడ కాలువలూ, గోదావరీ ఆ జాబితాలో ఉన్నాయి. వైనగంగ, ప్రాణహిత పేర్లు కూడా అందులో ఉన్నాయి.