క్లౌ దొరగారును కళ్లములోని మేరయు

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము చదువుడి. ఎఫెసులో దేమేత్రి అను కంసాలి వెండి గుళ్ల పనివలన బాగుగా గడించుచుండెను. పౌలు బోధచేత బేరము పడిపోవునని తోచగానే తోటి పనివారిని పోగుచేసి, దేవికి అవమానము కలుగుచున్నదని ఊరంతయు రేపెను. లోపల నున్నది లాభము; వీధిలో వినబడినది భక్తి. మనిషిని పుట్టుకనుబట్టి తక్కువగా చూచు చోట కూడ ఇట్టి లాభమేదైన దాగియున్నదేమో వెదకుట మంచిది. ఈ నెల జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి జీవితమును ఆ దృష్టితో చూతము.

ఆయన 1836 జూలై 16న న్యూయార్కు రాష్ట్రములోని ఫ్రూస్‌బర్గులో జన్మించిరి. యౌవనములో మినెసోటాలో భూములు కొలుచు సర్వేయరు పని నేర్చిరి. ఆ కొలత గొలుసును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. భార్య హారియెట్ అమ్మగారితో 1864 నవంబరు 30న బోస్టనులో ఓడ ఎక్కినప్పుడు వారి దేశములో బానిసత్వమును గూర్చిన యుద్ధము ఇంకను జరుగుచుండెను. నల్లవారు పుట్టుకచేతనే తక్కువవారని దక్షిణ రాష్ట్రముల తోటల యజమానులు చెప్పుచుండిరి. కూలి ఇయ్యక ప్రత్తి తీయించుకొనువానికి ఆ మాట ఎంత అక్కరయో పల్నాటి ప్రత్తి రైతుకు నేను వివరింపనక్కరలేదు.

1865లో మద్రాసు చేరి, నెల్లూరులో తెలుగు నేర్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురముండిరి. ఇక్కడ రంగు లేదు, కులము కలదు. గ్రామములో రూపాయికంటె ధాన్యమే ఎక్కువ చెల్లుబడి. మాదిగ కుటుంబము ఫలాని రైతు ఇంటిదని ఏర్పాటు. ఏడాది పొడవున చెప్పులు, మోటబావికి తోలు బాన, చర్నాకోల సమకూర్చవలెను. కోతకును నూర్పిడికిని పోవలెను. జాతరలో డప్పు కొట్టవలెను. ప్రతిఫలముగా కళ్లములో మేర కొలుతురు. చచ్చిన పశువు వానిది. ఎంత పనికి ఎంత కూలి అను లెక్క యుండదు. ఆ లెక్క ఎవరును అడుగకుండ అంటరానితనము కావలి కాచుచుండెను. ఊరి నూతిని ముట్టరానివాడు, బడిలో కూర్చుండి అంకెలు నేర్వరానివాడు, కళ్లములో కొలత తప్పినదని ఏ నోటితో అడుగును? రైతులందరు దుష్టులై ఇట్లు చేసిరని నేననను. ఆ ఏర్పాటులో పుట్టిపెరిగినవానికి అది ఎండవానలవలె సహజముగనే కనబడును.

దొరగారియొద్దకు మొదట వచ్చినవారిలో యెర్రగుంట్ల పేరయ్యగారు ముఖ్యులు. ఆయన తోళ్ల వ్యాపారముమీద ఉత్తరమునకు పోయి, ఏలూరు ప్రాంతమున మిషనెరీల బోధ వినెను. ఊరి పొలిమేర దాటి, రొక్కము చేతబట్టి తిరిగిన మాదిగ ఆయన. ఇది చిన్న సంగతి కాదు. 1867 జనవరిలో తలకొండపాడులో 28 మంది బాప్తిస్మము పొందిరి.

అంతట ఒంగోలులోని పెద్ద కులములవారు ఒక చిక్కు తెచ్చిరి. వారు బడికి పిల్లలను పంపుచు, సాయము చేయ సిద్ధముగానుండిరి; మాదిగలను చేర్చుకొనినయెడల తాము రామనిరి. దొరగారును అమ్మగారును వేరువేరు గదులలో ప్రార్థించి, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయములో ఒకే భాగమును తెరచిరి. దేవుడు ఎన్నికలేనివారిని ఏర్పరచుకొనునను భాగమది. వారు మాదిగలను వదలలేదు.

క్రొత్త విశ్వాసులకు దొరగారు పెట్టిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువును తినరాదు, విగ్రహములను మ్రొక్కరాదు. చూచుటకు ఇవి భక్తి నియమములు. కాని ఆదివారమనగా రైతు పనిలో ఒక దినము. విగ్రహమనగా జాతరలో డప్పు. చచ్చిన పశువనగా జీతములో ఒక భాగము. అందుచేతనే గ్రామాధికారులకు అంత కోపము వచ్చెను. నీళ్లు ఆపిరి, పని ఆపిరి.

1876లో వానలు పోయెను. 1878 వరకు సాగిన ఆ కరవులో కళ్లమే లేనప్పుడు మేర ఎక్కడిది? సర్కారు కరవు పనిగా బకింగ్‌హాం కాలువను త్రవ్వించుచుండెను. ఆ పనిలో కూడ మేస్త్రీలు పైకులములవారే. మాదిగలను తిట్టి కొట్టి తరిమిరి. అప్పుడు దొరగారి కొలత గొలుసు అక్కరకు వచ్చెను. ఆయన మూడున్నర మైళ్ల కాలువను తామే గుత్తకు తీసికొని, తమ తెలుగు బోధకులనే మేస్త్రీలుగా నిలిపిరి. త్రవ్విన మన్ను కొలిచి నగదు ఇచ్చిరి. కొలత అడిగినను దెబ్బపడని పనిచోటు ఆ జనులు అంతకుముందు ఎరుగరు. మధ్యాహ్నపు విశ్రాంతిలో బోధకులు వారి నడుమ కూర్చుండి సువార్త చెప్పిరి.

పదునైదు నెలలు దొరగారు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. గంజికొరకు వచ్చినవారను మాట పడకూడదని ఆయన పట్టుదల. సహాయధనము అయిపోయినదని చెప్పి తిరిగిపొమ్మనినను జనులు పోలేదు, ధనము తమకక్కరలేదనిరి. 1878 జూలై 3న వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో దిగి 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. సంవత్సరాంతమునకు వారి సంఖ్య 9,606 ఆయెను. మన నరసరావుపేట, వినుకొండ ప్రాంతములు అప్పుడు ఒంగోలు పొలములోనివే. 1883లో వేరు మిషను కేంద్రములైనవి. పల్లెలలో బడులు లేచెను. మాదిగవాడు పంతులై నెల జీతము నగదుగా పుచ్చుకొనుట అప్పటినుండియే మనవారు చూచిరి.

దొరగారిని దేవదూతగా చిత్రించుట నాకిష్టము లేదు. కాలువ పూర్తియైన పిమ్మట జనులు అదే రైతు వాకిటికి తిరిగిపోవలసివచ్చెను, ఏలయనగా భూమి చేతులు మారలేదు. ఒంగోలు సంఘము మాదిగల సంఘముగా పెరిగెను. మాలలు అందులోనికి తక్కువగా వచ్చిరి. ఈ రెండు పల్లెల పోటీ ఊరివారు విదిల్చిన గింజల మీది పోటీయే యని నా తలంపు. ఒకే ప్రభువు బల్లవద్ద కూర్చుండి, వేరువేరు నూతులలో నీళ్లు తోడుకొనిన దినములను మా ముప్పాళ్ళ వైపు వృద్ధులు చెప్పుదురు. నూతులు పోయి కొళాయిలు వచ్చినవి. పిల్లకు సంబంధము వచ్చినప్పుడు మన సంఘస్థులు మొదట ఏమి విచారింతురో మీకును తెలియును, నాకును తెలియును. అక్కడ మేర కొలుచువాడెవడును లేడు, అయినను కావలివాడు దిగిపోలేదు.

హారియెట్ అమ్మగారు 1893లో గతించిరి. దొరగారి రెండవ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ అమ్మగారు. క్రైస్తవులు కూలివాని కష్టమును పట్టించుకొనవలెనని అమెరికాలో వ్రాసి పేరుపొందిన వాల్టర్ రౌషన్‌బుష్ పండితుడు ఆమెకు తమ్ముడు. దొరగారు 1910 నవంబరు 24న రోచెస్టరులో మరణించిరి. వారు చెప్పగా ఆమె వ్రాసిన జీవితచరిత్ర 1914లో వెలువడెను. బాప్తిస్మముల లెక్క దానిలో నున్నది. గ్రామములో ఎవరు ఎవరికి పని చేయుదురో, ఎవరు ఎవరికి గింజలు కొలుతురో, ఆ సంగతియు నున్నది.