సవరల మాట విన్న మాస్టారు

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు గిడుగు వెంకట రామమూర్తి గారి ఫొటోకు దండ వేస్తారు, వాడుక భాష కోసం పోరాడారని రెండు మాటలు చెబుతారు, చప్పట్లతో సరి. కానీ జంషెడ్‌పూర్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఆయన కథలో ఇంకో సగం తెలియాలి. నాకైతే ఆ సగమే ఎక్కువ ఇష్టం.

భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ ఒడ్డుకు వెళ్లి నిలబడితే ఎన్ని భాషలు వినిపిస్తాయో మీకు తెలుసు. హిందీ, భోజ్‌పురి, బంగ్లా, ఒడియా, మన శ్రీకాకుళం యాస తెలుగు, వీటితోపాటు సంతాలీ, హో. నీళ్లను సంతాలీలో "దాక్" అంటారు. ఆ చివరి క్ బయటికి రాదు, గొంతులోనే ఆగిపోతుంది. ఇక్కడికి కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో, శ్రీకాకుళం జిల్లా కొండల మీద ఉండే సవరలు కూడా నీళ్లకు దాదాపు ఇదే మాట అంటారు. సంతాలీ, హో, ముండారీ, సవర, ఇవన్నీ ముండా కుటుంబానికి చెందిన భాషలు. మన తెలుగుకు వాటితో చుట్టరికం లేదు, ఇరుగుపొరుగు మాత్రమే. ఆ పొరుగు భాషను చెవి పెట్టి విన్న తెలుగు మాస్టారే రామమూర్తి గారు.

ఆయన 1863లో వంశధార నది దగ్గర, ముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారిది రెవెన్యూ ఉద్యోగం. 1875లో ఆయనకు చోడవరం బదిలీ అయింది. బదిలీ అంటే ఏమిటో మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు: సామాన్లు కట్టడం, కొత్త బడి, కొత్త స్నేహితులు. ఈ బదిలీ మాత్రం ఆ ఇంటిని కూల్చేసింది. చోడవరంలో విషజ్వరం వచ్చి తండ్రి పోయారు. పన్నెండేళ్ల పిల్లవాడు విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకోవలసి వచ్చింది. అక్కడ ఆయనతో చదువుకున్న కుర్రాడు గురజాడ అప్పారావు. రామమూర్తి గారు 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు.

ఇల్లు గడవాలి కాబట్టి పై చదువు ఆగింది. 1880లో, పదిహేడేళ్ల వయసులో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం ముప్పై రూపాయలు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా కట్టి బి.ఎ. దాకా వచ్చారు. చరిత్ర పాఠం చెప్పాలంటే పుస్తకం చాలదనిపించి ముఖలింగం గుడిలోని పాత శాసనాల లిపిని గురువు లేకుండానే నేర్చుకొని చదివేశారు. గాంగ రాజుల మీద ఇంగ్లీషులో వ్యాసాలు కూడా రాశారు. అక్కడే ఆగిపోయినా పండితుడిగా మంచి పేరు ఉండేది.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. పట్నంవాళ్లకు వాళ్లతో పని అమ్మకాల దగ్గర, కొనుగోళ్ల దగ్గర, అప్పుల దగ్గర. వాళ్ల భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. అలాంటిదాన్ని నేర్చుకుంటే ఉద్యోగంలో ఒక్క మెట్టు కూడా ఎక్కరు. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషికి ఇంగ్లీషులోనో సంస్కృతంలోనో పని చేస్తేనే గౌరవం. రామమూర్తి గారు మాత్రం తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకొని, తిండి పెట్టి, ఆయన దగ్గర విద్యార్థిలా కూర్చున్నారు. ఒక నెల కాదు, ఏళ్ల తరబడి.

నేర్చుకోవడం మాత్రం తేలిక కాదు. గొంతులో ఆగిపోయే ఆ శబ్దాలకు మన అక్షరమాలలో గుర్తులు లేవు. ఏ శబ్దాన్ని ఎలా రాయాలో ఆయనే తేల్చుకోవాలి. లెక్కలు చూడండి. మనం పది దాటగానే పదకొండు అంటూ పదిమీద లెక్కపెడతాం. సవరలు పన్నెండు దాకా వెళ్లి, పదమూడుకు పన్నెండూ ఒకటి అంటారు. అలా పంతొమ్మిది దాకా వచ్చి ఇరవైకి వేరే మాట వాడతారు. ఆపైన ఇరవైల లెక్క. వాళ్ల పద్ధతిలో 93 అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. కూడి చూసుకోండి. చదువు లేనివాళ్ల భాషకు వ్యాకరణం ఉండదని ఆ రోజుల్లో చాలామంది అనుకునేవారు. రాయడం రాని మనుషులు తరతరాలుగా తప్పు లేకుండా నడుపుతున్న లెక్క ఇది. వ్యాకరణం పుస్తకంలో కాదు, నోట్లో ఉంటుందని ఆయనకు ఇక్కడే తెలిసి ఉంటుందని నా నమ్మకం.

నేర్చుకున్నది తన దగ్గరే ఉంచుకోలేదు. సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశారు. కొండ ఊళ్లలో బడులు పెట్టి, పంతుళ్ల జీతాలు తన జేబులోంచి ఇచ్చారు. ప్రభుత్వం ఆయన పుస్తకాలకు బహుమతిగా డబ్బు ఇవ్వబోతే, తనకు వద్దని, దానితో సవరలకు బడి పెట్టమని అడిగారు. 1913లో మద్రాసు ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది.

ఆయన తీసుకున్న బిరుదు కంటే ఇచ్చుకున్న ఖరీదు పెద్దది. ఆ కొండల్లో మలేరియా ఎక్కువ. తిరిగి తిరిగి జ్వరం పట్టుకునేది, మందు క్వినైన్. మోతాదు ఎక్కువైతే క్వినైన్ చెవులను దెబ్బతీస్తుంది. రామమూర్తి గారికి వినికిడి పోయింది. మాటలోని శబ్దాలను పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవుడు రావడం చిన్న నష్టం కాదు. అయినా పని ఆపలేదు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ మద్రాసులో అచ్చయ్యాయి. రెండోది వచ్చేసరికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

మనకు బడిలో చెప్పే కథ ఈ మధ్యలో నడిచింది. అప్పట్లో తెలుగు పిల్లల పుస్తకాలన్నీ గ్రాంథికంలో ఉండేవి. ఇంట్లో వస్తున్నాడు అనే పిల్లవాడు పరీక్షలో వచ్చుచున్నాడు అని రాయకపోతే తప్పు. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుకు ఈ తేడా వింతగా తోచింది. ఆ ప్రశ్నను గురజాడ, గిడుగు అందుకున్నారు. కొండమీద సవర పిల్లకు తన భాషలో పాఠం చెప్పిన మాస్టారు, కింద తెలుగు పిల్లకు ఆ న్యాయం ఎందుకు లేదని అడగకుండా ఎలా ఉంటారు?

జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్దలు గట్టిగా ఎదురు నిలిచారు. వాళ్లూ తెలుగును ప్రేమించినవాళ్లే, పాత కావ్యాల భాష చెడిపోతుందని వాళ్ల భయం. రామమూర్తి గారు 1911లో ఉద్యోగం నుంచి రిటైరై ఊరూరా తిరిగారు. సభల్లో గంటల కొద్దీ మాట్లాడేవారు. ఆ పండితులు రాసిన గ్రాంథికంలోనే ఎన్ని తప్పులున్నాయో ఉదాహరణలతో చూపించేవారు. 1919లో కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులుగా, తాను కార్యదర్శిగా వాడుక భాష కోసం ఒక సమాజం పెట్టారు. అదే ఏడాది "తెలుగు" అనే మాసపత్రిక మొదలుపెట్టారు. అది ఎక్కువ కాలం నడవలేదు.

డెబ్బై దాటాక ఇంకొక దెబ్బ తగిలింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. రాజావారు అటువైపు, ఈయన ఇటువైపు. పదిహేడేళ్లప్పుడు వచ్చి, యాభై ఆరేళ్లు బతికిన ఊరు అది. దాన్ని వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన కోపం న్యాయమేనా అంటే చెప్పడం కష్టం. పర్లాకిమిడిలో ఒడియావాళ్లూ తరతరాలుగా ఉన్నారు. భాష మీద అంత ప్రేమ ఉన్న మనిషికి గీత ఎటు గీసినా గుచ్చుకునేదే.

1940 జనవరిలో మద్రాసులో పత్రికలవాళ్లను కలుసుకొని, జనం మాట్లాడే తెలుగులో రాయమని ఇంకోసారి కోరారు. కొద్ది రోజులకే, 22వ తేదీన, అక్కడే కన్నుమూశారు. పత్రికలు ఆ మాట పట్టించుకోబట్టే ఇప్పుడు మీరు ఈ పేజీని నిఘంటువు లేకుండా చదవగలుగుతున్నారు.

సవర పనిని ఆయన తర్వాత కొడుకు సీతాపతి గారు కొనసాగించారు. ఆయన పర్లాకిమిడి వదిలిన 1936లోనే మంగెయి గొమాంగో అనే సవర పెద్దమనిషి తమ భాషకు సొంత లిపి తయారుచేశారు. అంతకు పదకొండేళ్ల ముందే, మనకు పక్కనున్న మయూర్‌భంజ్‌లో రఘునాథ్ ముర్ము సంతాలీకి ఓల్ చికి లిపి చేశారు. మీ క్లాసులో సంతాలీ పిల్లలుంటే వాళ్ల పేరు ఓల్ చికిలో రాసి చూపించమనండి. 2000 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకు చిన్న తరగతులు ఇంటి భాషలో చెప్పే కార్యక్రమం మొదలైనప్పుడు సవర వాచకాలు మళ్లీ బడిలోకి వచ్చాయి, తెలుగు లిపిలోనే.