27 ఏళ్లకే ప్రాణమిచ్చిన ఎడిటర్ షోయబుల్లా ఖాన్

నిజాంపేట క్రాస్‌రోడ్డు దగ్గర చాయ్ తాగుతూ సర్కారును విమర్శించడం, అదే మాట ఫోన్‌లో పోస్టు చేయడం మనకు మామూలు సంగతి. ఇదే హైదరాబాద్‌లో 1948లో అలా రాసినందుకు ఒక ముస్లిం యువకుడిని నడిరోడ్డు మీద చంపేశారు. ఆయన పేరు షోయబుల్లా ఖాన్.

1920లో అప్పటి వరంగల్ జిల్లాలో పుట్టారు. తండ్రి రైల్వే పోలీసు ఉద్యోగి. ఉస్మానియాలో డిగ్రీ చదివారు. ఆ రోజుల్లో ఆ చదువుకు సర్కారీ కొలువు దొరికేది. నాలాంటి కామర్స్ స్టూడెంట్ లెక్కేస్తే అదే లాభం. ఆయన మాత్రం పత్రికను ఎంచుకున్నారు.

మొదట ఉర్దూ వారపత్రిక ‘తేజ్’లో చేరారు. నిజాం సర్కారు దాన్ని నిషేధించింది. తర్వాత మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’లో చేరితే దాన్నీ మూయించారు. రెండు పత్రికలు పోయినా ఆయన వెనక్కి తగ్గలేదు. 1947 నవంబరులో బూర్గుల రామకృష్ణారావు లాంటి వాళ్ల అండతో కాచిగూడలో ‘ఇమ్రోజ్’ మొదలుపెట్టారు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు.

ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలని, హైదరాబాద్ భారత్‌లో కలవాలని ఉర్దూలోనే రాశారు. రజాకార్ల దౌర్జన్యాలనూ వదల్లేదు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు విలీనం కోరుతూ ఇచ్చిన ప్రకటనను కూడా అచ్చేశారు. బెదిరింపులు వచ్చినా కలం ఆపలేదు.

ఆగస్టు 21 రాత్రి ఆఫీసు పని ముగించుకుని ఇంటికి వెళ్తుంటే కాచిగూడలో దాడి చేశారు. తుపాకీతో కాల్చారు, చేయి నరికారు. తోడున్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కూడా తీవ్రంగా గాయపడ్డారు. తెల్లవారితే 22వ తేదీ, షోయబుల్లా కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. దాదాపు నా వయసే. నెల తిరగకముందే, సెప్టెంబరు 18న నిజాం సైన్యం లొంగిపోయింది.

1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. 19వ అధికరణం భావ ప్రకటనా స్వేచ్ఛను హక్కుగా రాసిచ్చింది. ఆ మే నెలలోనే రొమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ‘క్రాస్‌రోడ్స్’ పత్రికపై మద్రాసు ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని కొట్టేసింది. అచ్చు వేయడమే కాదు, జనంలో పంచడం కూడా ఈ స్వేచ్ఛలో భాగమేనని తేల్చింది. 1951 సవరణతో శాంతిభద్రతల పేరిట పరిమితులు వచ్చాయి, కానీ అవి సమంజసంగా ఉండాలి. వీధి సభల విషయంలోనూ అంతే: నియమాలు పెట్టొచ్చు గానీ పోలీసులు ఇష్టమొచ్చినట్టు ఆపడానికి లేదని హిమ్మత్‌లాల్ షా కేసులో తీర్పు వచ్చింది. అది 1972.

‘తేజ్’, ‘రయ్యత్’ మూతపడ్డప్పుడు షోయబుల్లాకు తలుపు తట్టడానికి ఇలాంటి కోర్టు లేదు. మనకు ఉంది. ఆయన ఎదిరించింది పరాయివాళ్లను కాదు, తన మతం పేరు చెప్పుకుని తిరిగిన వాళ్లను. సొంతవాళ్ల తప్పును తప్పని చెప్పే హక్ కూడా ఈ స్వేచ్ఛలోనే ఉంది. ఈ కథ మన పిల్లలకు ఇంట్లోనే చెబుదాం.