పాల్ లాంగర్‌హాన్స్

మానవుని ఉదరమందు, జీర్ణకోశమునకు వెనుక, క్లోమగ్రంథి కలదు. ఆహారమును జీర్ణము చేయు రసమును ఆ గ్రంథి ప్రేగులోనికి పంపునని వైద్యులు పూర్వమే యెరిగియుండిరి. అందు వేరొక రహస్యము దాగియున్నదని మొదట కనిపెట్టినవాడు ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి. అతడే పాల్ లాంగర్‌హాన్స్.

ఆయన 1847వ సంవత్సరము జూలై 25వ తేదీన ప్రష్యా రాజధానియగు బెర్లిన్ నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. పాల్ యేనా, బెర్లిన్ విశ్వవిద్యాలయములందు వైద్యశాస్త్రము నభ్యసించి, సుప్రసిద్ధుడగు రుడాల్ఫ్ విర్కో పండితుని ప్రయోగశాలలో పనిచేసెను.

1869లో పట్టమునకై వ్యాసము వ్రాయుచు ఆయన కుందేటి క్లోమమును సూక్ష్మదర్శినిలో పరిశీలించెను. రసమును స్రవించు కణముల నడుమ, వానికి భిన్నములగు చిన్న కణములు గుంపులుగా కానవచ్చెను. వాని పని యేమి? అది పాల్‌కు బోధపడలేదు. ఊహలల్లి కీర్తి సంపాదింప యత్నింపక, చూచినదానిని చూచినట్లు వర్ణించి, వాని ప్రయోజనము తనకు తెలియదని నిష్కపటముగా వ్రాసెను.

పిమ్మట ఆయన ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను. 1874లో క్షయరోగము సోకెను. ఆ కాలమున దానికి మందు లేదు. మంచి గాలి కొరకు 1875లో పోర్చుగల్ వారి మదీరా ద్వీపమునకు వెడలి, ఫుంచల్ పట్టణమున రోగులకు వైద్యము చేయుచు, సముద్రపు పురుగులను గూర్చి పరిశోధన సాగించెను. 1888 జూలై 20వ తేదీన, నలుబదియొక్క యేండ్లు నిండుటకు ఐదు దినములు మిగిలియుండగా, మూత్రపిండముల వ్యాధిచే మరణించెను. తాను కనుగొన్న కణముల పని తెలియకయే కన్నుమూసెను.

మరుసటి సంవత్సరమే, 1889లో, మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అను శాస్త్రజ్ఞులు ఒక కుక్క క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము కలిగెను. 1893లో లాగెస్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, కడలి నడుమ దీవులవలె నున్న ఆ కణముల గుంపులకు లాంగర్‌హాన్స్ ద్వీపికలని పేరిడెను. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు క్లోమమునుండి ఇన్సులిన్‌ను వేరుచేయుటకు పూనుకొనిరి. మరణము తప్పదనుకొన్న మధుమేహ బాలురు 1922 మొదలు దానివలన బ్రతుకజొచ్చిరి.

మానవుని క్లోమమున సుమారు పది లక్షల ద్వీపికలు కలవు. వానిలో ఇన్సులిన్‌ను తయారుచేయు కణములు ఒంటరిగా పనిచేయవు. నాట్లు వేయు స్త్రీలు పాట లయకు చేతులు కలిపినట్లు, ఇరుగుపొరుగు కణములు విద్యుత్సంకేతములను పంచుకొని ఒక్కుమ్మడిగా మేల్కొనును. అందుచే ఇన్సులిన్ కొలది నిమిషములకొక అల చొప్పున రక్తమున చేరును. రెండవ రకపు మధుమేహమున ఈ లయ చెదరును. ఫలితమును కొలిచి, తప్పినంత మేరకు సరిదిద్దుట యంత్రశాస్త్రమందలి నియంత్రణ సిద్ధాంతము. ఏ కణమునకెంత ప్రేరణ నిచ్చినచో సమూహమంతయు మరల ఒకే లయకు వచ్చునో ఆ సిద్ధాంతముచే గణితజ్ఞులు లెక్కించుచున్నారు.

తెలిసినంత చెప్పి, తెలియనిదానిని తెలియదనుటయు విద్యయే. లాంగర్‌హాన్స్ విడిచిన ప్రశ్నకు సమాధానము వెదకుచు శాస్త్రజ్ఞులు నేటికిని ఆ ద్వీపికల చెంతకే పోవుచున్నారు.