దివానా కాదు, దానా

మన ఇళ్లలో ఎవరైనా కాస్త తిక్కగా ప్రవర్తిస్తే ‘దివానా’ అనేస్తాం. అరబీలో ‘మజ్నూన్’ అంటారు, జిన్ను పట్టినవాడని అర్థం. కూఫాకు చెందిన వహబ్ బిన్ అమ్ర్‌నూ లోకం అలాగే పిలిచింది. మనమెరిగిన బహ్లూల్ ఆయనే.

ఖలీఫా హారూన్ రషీద్ (786-809) కాలంలో ఆయన బాగ్దాద్ వీధుల్లో కర్రను గుర్రంగా చేసుకుని తిరిగేవారట, పిల్లలు రాళ్లు విసిరేవారట. ఖాజీ పదవి తప్పించుకోవడానికే ఆ వేషం కట్టారని చెబుతారు. ఆ పేరే ఆయనకు డాలైంది కాబోలు. ఖలీఫాకు ముఖం మీదే హితవు చెప్పినా, పిచ్చివాడి మాటకు శిక్ష ఉండదు కదా!

అరబీలో బహ్లూల్ అంటే మొదట నవ్వుముఖం గలవాడు. తర్వాత అది పిచ్చివాడి పేరైంది. ఫారసీవారు మాత్రం ఆ పేరు పక్కన ‘దానా’ అని చేర్చారు, అంటే జ్ఞాని. ఆయన సమాధి బాగ్దాద్‌లో ఉంది.