భూమిని కొలిచిన లాంబ్టన్ దొర



మన గోడపత్రికలో ప్రతిసారీ ఒక గొప్పవారి జీవితం వస్తుంది. గాంధీగారు, అంబేద్కర్ గారు, అల్లూరి సీతారామరాజు గారు అందరూ అయిపోయేరు. ఈసారి నేను కొత్త పేరు రాస్తున్నాను. ఆయన పేరు విలియం లాంబ్టన్. సర్వే పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ పేరు తెలుసు. త్రిభుజాల పాఠం అంటే భయపడేవాళ్ళు ఇది తప్పక చదవండి.

లాంబ్టన్ 1753 ప్రాంతంలో ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో జన్మించారు. వాళ్ళది బీద రైతు కుటుంబం. చదివించడానికి ఇంట్లో డబ్బు లేదు. కుర్రాడికి లెక్కలు బాగా వస్తున్నాయని చుట్టుపక్కల పెద్దవాళ్ళు సాయం చేసి చదివించేరు. మనం కూడా సాయంతోనే చదువుతున్నాం కాబట్టి ఈ సంగతి నాకు చాలా నచ్చింది.

తరవాత ఆయన సైన్యంలో చేరేరు. అమెరికాలో యుద్ధానికి ఎల్లి 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఖైదీగా చిక్కేరు. ఆ తరవాత కెనడా వైపు ఏళ్ళ తరబడి చిన్న ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికితే లెక్కల పుస్తకాలే చదివేవారు. ఒకసారి సూర్యగ్రహణం పట్టినప్పుడు ఉత్త కంటితో చూసేరు. దాంతో ఒక కంటి చూపు దెబ్బతింది. చెల్లెళ్ళూ, గ్రహణం రోజు సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని సైన్సు మేడం ఊరికే చెప్పరు, గుర్తు పెట్టుకోండి. చూపు సరిగా లేకపోయినా ఆ మిగిలిన కంటితోనే దూరపు కొండల మీద జెండాలు చూసి కోణాలు కొలిచేరు.

ఆయన మన దేశానికి వచ్చేసరికి వయసు నలభై దాటిపోయింది. 1799లో టిప్పు సుల్తాన్ మీద శ్రీరంగపట్నం యుద్ధం జరిగింది. ఒక రాత్రి సైన్యం దారి తప్పి శత్రువుల వైపే నడుస్తోంది. లాంబ్టన్ నక్షత్రాలు చూసి దిక్కు తప్పిందని కనిపెట్టేరు. చుక్కలు చూసి దారి పట్టడం మన తాతలకీ తెలుసు. ఆయన దానికి లెక్క కూడా కలిపేరు.

యుద్ధం అయ్యేక ఆయన మద్రాసు ప్రభుత్వానికి ఒక పని చేస్తానని రాసేరు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా దేశాన్ని త్రిభుజాలతో కొలవడం ఆ పని. కొలిచే పెద్ద యంత్రం లండన్‌లో చేయించేరు. దాన్ని థియోడలైట్ అంటారు. చుట్టూ డిగ్రీలు గీసిన చక్రం, పైన దూరదర్శిని ఉంటాయి. దాని బరువు సుమారు 500 కిలోలు. ఓడలో వస్తుంటే ఫ్రెంచివాళ్ళు ఆ ఓడని పట్టుకుని మారిషస్ తీసుకుపోయేరు. కానీ అది చదువుకి సంబంధించిన వస్తువని తెలిసి, మళ్ళీ జాగ్రత్తగా మద్రాసు పంపేరు. శత్రువులు కూడా చదువుకి మర్యాద ఇచ్చేరన్నమాట.

1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర పని మొదలయ్యింది. ముందుగా నేల మీద ఒక గీత కొలిచేరు. దాని పొడవు ఏడున్నర మైళ్ళు, అంటే సుమారు 12 కిలోమీటర్లు. దీన్ని ఆధార రేఖ అంటారు. 100 అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచేరు. నేను లెక్క కట్టేను. మైలుకి 5280 అడుగులు, ఏడున్నర మైళ్ళకి 39,600 అడుగులు. అంటే గొలుసు 396 సార్లు పరిచి ఉండాలి! ఎండకి ఉక్కు సాగుతుంది కదా, అందుకని గొలుసుని చెక్క పెట్టెల్లో పరిచి, పైన నీడ పట్టి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి కొలిచేరు. ఎందుకంత జాగ్రత్త అంటే, మొదటి గీత తప్పితే దాని మీద కట్టిన త్రిభుజాలన్నీ తప్పిపోతాయి.

ఆ గీత తరవాత గొలుసుతో పెద్దగా పని లేదు. ఎలాగంటే మన తొమ్మిదో తరగతిలో కోణం, భుజం, కోణం నియమం ఉంది. ఒక భుజం, దాని రెండు చివర్ల కోణాలు తెలిస్తే ఇక ఆ త్రిభుజం ఒకటే రకంగా వస్తుంది. గీత ఈ చివర నిలబడి దూరపు కొండ మీది జెండాని చూసి కోణం కొలవాలి. ఆ చివరకెళ్ళి అదే జెండాకి మళ్ళీ కోణం కొలవాలి. అంతే, కొండ ఎక్కకుండానే కొండ దాకా దూరం వచ్చేస్తుంది. ఆ కొత్త భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. అలా త్రిభుజాలు కట్టుకుంటూ మద్రాసు నుంచి పడమటి ఒడ్డుకి ఎల్లేరు. ఒడ్డు నుంచి ఒడ్డుకి 400 మైళ్ళు అని పాత పటాలు చూపించేవి. తీరా కొలిస్తే సుమారు 360 మైళ్ళే వచ్చింది. పటంలో ఉన్న 40 మైళ్ళ నేల అసలు లేనే లేదు!

ఇంకో వింత ఉంది. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలని మనం నేర్చుకున్నాం. అది నల్లబల్ల మీద నిజం. భూమి గుండ్రం కదా. ఒక బత్తాయి తీసుకుని తొడిమ దగ్గర నుంచి నడుం దాకా రెండు గీతలు గీయండి. నడుం దగ్గర రెండు కోణాలూ 90 చొప్పున వస్తాయి. అక్కడికే 180 అయిపోయింది, తొడిమ దగ్గర కోణం ఇంకా మిగిలే ఉంది. నేల మీద పెద్ద త్రిభుజాల్లో కూడా 180 కంటే చిటికెడు ఎక్కువ వస్తుంది. లాంబ్టన్ ఆ చిటికెడు కూడా లెక్కలోకి తీసుకున్నారు. భూమి వంపు ఎంతో తెలుసుకోవాలన్నదే ఆయన అసలు కోరిక.

1808లో తంజావూరులో పెద్ద ఆపద వచ్చింది. అక్కడ చుట్టూ చదును నేల, కొండలు లేవు. అందుకని థియోడలైట్‌ని గుడి గోపురం మీదకి తాళ్ళతో లాగుతుంటే తాడు తెగి, యంత్రం గోడకి కొట్టుకుంది. చక్రం వంకర పోయింది. ఇంకొకరైతే ఏడ్చి ఊరుకునేవారు. లాంబ్టన్ గుడారంలో కూర్చుని ఆరు వారాలు కొంచెం కొంచెంగా లాగి, బిగించి, చక్రాన్ని మళ్ళీ గుండ్రంగా చేసేరు. ఆ యంత్రంతోనే పని సాగింది.

అలా కన్యాకుమారి వైపు నుంచి 1815 నాటికి బీదర్ దాకా వచ్చేరు. తరవాత హైదరాబాదులో ఉన్నారు. అక్కడే జార్జ్ ఎవరెస్ట్ ఆయన దగ్గర చేరేరు. ఎవరెస్ట్‌ని కృష్ణా గోదావరి నదుల మధ్య అడవులు కొలవడానికి పంపితే, యల్లాపురం అడవుల్లో జ్వరం పట్టి గుంపంతా మంచాన పడింది. కొందరు హైదరాబాదు చేరకుండానే చనిపోయేరు.

లాంబ్టన్‌కి డెబ్భై ఏళ్ళు వచ్చినా పని మానలేదు. నాగపూర్ వైపు ఎల్తుండగా 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో చనిపోయేరు. పనిని ఎవరెస్ట్ అందుకున్నారు. ఆ తరవాత 1852లో బెంగాల్ లెక్కల మేధావి రాధానాథ్ సిక్దార్ గారు హిమాలయాల్లో ఒక శిఖరం అన్నిటికంటే ఎత్తని లెక్క తేల్చేరు. 1865లో దానికి ఎవరెస్ట్ పేరు పెట్టేరు. ఈ త్రిభుజాలు మన వైపు కూడా వచ్చేయి. 1862-63లో విశాఖపట్నం దగ్గర ఒక ఆధార రేఖ కొలిచేరు.

ఇప్పుడు నా మనసులో మాట. లాంబ్టన్ చేసిన పని గొప్పదే. కానీ ఆ పటాలు కంపెనీవాళ్ళకి పన్నులు వెయ్యడానికి, సైన్యాన్ని నడపడానికి కూడా పనికొచ్చేయి. ఆ 500 కిలోల యంత్రాన్ని కొండ మీదకి మోసినవాళ్ళు, చెట్లు కొట్టి దారి చేసినవాళ్ళు, జ్వరంతో చచ్చిపోయినవాళ్ళు మనలాంటి ఇళ్ళవాళ్ళే. వాళ్ళ పేర్లు నాకు పుస్తకంలో కనబడలేదు.

మాది సీతంపేట కొండల మీద సవర ఊరు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ప్రకారం మా నాన్న పోడు కొలవడానికి జి.పి.ఎస్. పట్టుకుని వచ్చేరు. కాగితంలో చేను తక్కువ వచ్చింది. నాన్న అడుగులేసి చూపించినా ఎవరూ వినలేదు. చదువు లేదు గనుక వేలిముద్ర వేసి వచ్చేడు. ఇప్పుడు లెక్క కొంత నాకు అర్థమయ్యింది. పటంలో నేలని వాలు తీసేసి, చదునుగా వేస్తారు. 30 డిగ్రీల వాలు మీద 100 మీటర్లు నడిస్తే పటంలో సుమారు 87 మీటర్లే పడుతుంది. కాబట్టి తగ్గినదంతా మోసం కాదు. కానీ వచ్చినవాళ్ళు పైన జీడితోట చుట్టూ నడవనే లేదు. అది వాలు వల్ల పోయింది కాదు. ఏది లెక్క, ఏది అన్యాయం అని విడదీసి చెప్పడానికి మా ఇంట్లో ఇన్నాళ్ళూ ఒక్కరూ లేరు. సెలవులకి ఎల్లినప్పుడు నేను నాన్నతో తోట చుట్టూ నడిచి కొలతలు రాస్తాను, అర్జీ కూడా నేనే రాస్తాను.

స్నేహితురాళ్ళూ, మీరూ కొలత నేర్చుకోండి. కోణమానినికి నడుమ దారం కట్టి చిన్న రాయి వేలాడదీయండి. దాని అంచు మీదుగా మన నీళ్ళ ట్యాంకు కొస చూస్తూ వెనక్కి నడవండి. చూపు 45 డిగ్రీలు పైకి లేచిన చోట ఆగండి. అక్కడి నుంచి ట్యాంకు దాకా ఎంత దూరమో, దానికి మీ కంటి ఎత్తు కలిపితే అదే ట్యాంకు ఎత్తు. ఆదివారం ఎవరు వస్తారో చెప్పండి, దారం నేను తెస్తాను.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఎచ్చెర్ల